నోట్లో నువ్వుగింజ నానని మనిషి ఎక్కడ?

కొన్నేళ్ల కిందట నేనొక మొబైల్ యాప్ టీమ్‌లో పనిచేసేవాణ్ణి. యాప్‌లో కొత్తగా ఒక సదుపాయం పెట్టాం. అందరికీ నోటిఫికేషన్లు కొట్టి విసిగించడం ఎందుకు, ముందు ఓ యాభై మందికి చెబితే వాళ్ల ద్వారా అదే పాకుతుంది కదా అనుకున్నాం. ఆ యాభై మందిని ఎంచే పని నా నెత్తిన పడింది. నా చోట ఎవరున్నా చేసే పనే నేనూ చేశాను. ఫాలోవర్ల సంఖ్యను బట్టి అందరినీ వరుసలో పెట్టి, పైనుంచి యాభై పేర్లు కోసి ఇచ్చేశాను. పావుగంట పని. మీటింగులో మెచ్చుకోలు కూడా దక్కింది.

వారం తర్వాత చూస్తే గ్రాఫులో గీత నేలకు అతుక్కుని పడుకుంది. యాభై మందిలో చాలామంది మేం చెప్పిన సంగతి పోస్ట్ చేశారు, అందులో వాళ్ల లోపమేం లేదు. లైకులు కూడా బాగానే పడ్డాయి. లోపలికి తవ్వితే అసలు విషయం బయటపడింది. ఆ యాభై మందీ ఒకరినొకరు ఫాలో అవుతున్నారు. వాళ్లను ఫాలో అయ్యేవాళ్లు కూడా చాలావరకు ఒకే గుంపు. ఒకే మనిషి ఒకే సంగతిని పదిసార్లు విన్నాడు, ఆ గుంపు బయటివాళ్ల చెవిన ఒక్కసారి కూడా పడలేదు. ఒకే గదిలో యాభై మైకులు పెట్టి, పక్క గదిలోకి వినపడలేదేమిటా అని జుట్టు పీక్కున్నట్టుంది నా వ్యవహారం.

అప్పటినుంచి ఈ విషయం మీద కనపడిందల్లా చదువుతూ వచ్చాను. చదివిన కొద్దీ నాకొక అభిప్రాయం గట్టిపడింది. మొబైల్ నెట్‌వర్క్‌లో ఎవరి మాట పాకుతుందో లెక్కగట్టి పట్టుకోవడానికి మనం పడే పాట్లలో చాలా భాగం దండగ. అందులో కాస్త శ్రమ పెట్టి జనాన్నే అడిగితే అంతకన్నా మంచి పేర్లు వస్తాయి. అడిగే వీలు లేకపోతే, గొప్పవాళ్ల కోసం వెతకడం మాని మామూలు మనుషుల్నే ఇంకొంతమందిని ఎక్కువ తీసుకోవడం మేలు. లెక్కల మీద గౌరవం లేక అంటున్న మాట కాదిది. ఆ లెక్కలు అందంగా ఉంటాయి, ముందు వాటి సంగతే చెప్తాను.

ఒక విషయాన్ని జనంలోకి వదలాలంటే మొదట ఎవరికి చెప్పాలన్న ప్రశ్నను కంప్యూటర్ సైన్సు వాళ్లు 2001లో పట్టుకున్నారు. పెడ్రో డొమింగోస్, మాట్ రిచర్డ్‌సన్ దీన్ని మార్కెటింగ్ సమస్యగా ముందుకు తెచ్చారు. రెండేళ్లకు, 2003లో, డేవిడ్ కెంపె, జాన్ క్లైన్‌బర్గ్, ఏవా టార్డోష్ దానికొక శుభ్రమైన గణిత రూపం ఇచ్చారు. మనుషులు చుక్కలు, పరిచయాలు గీతలు. ప్రతి గీతకూ ఒక సంభావ్యత: నాకు తెలిసిన సంగతి నీకు చేరి నువ్వు కూడా దాన్ని అందుకునే అవకాశం ఎంత అని. మీ చేతిలో ఉన్నది పది మందికి చెప్పేంత ఖర్చే. ఏ పది మందికి చెబితే చివరికి ఎక్కువమందికి చేరుతుంది?

ఇక్కడే నా యాభై పేర్ల జాబితా ఎందుకు బోల్తా పడిందో అర్థమవుతుంది. ఒక మనిషి ద్వారా వంద మందికి చేరుతుందనుకోండి. రెండో మనిషి ద్వారా తొంభై మందికి, కానీ అందులో ఎనభై మంది మొదటివాడికి తెలిసినవాళ్లే. మూడో మనిషికి తెలిసింది ముప్ఫై మందే, అందరూ కొత్తవాళ్లు. ఇద్దరినే ఎంచుకోవాలంటే మొదటివాణ్ణీ మూడోవాణ్ణీ తీసుకోవాలి. రెండోవాడు విడిగా చూస్తే ఘనుడే, మొదటివాడి పక్కన నిలబెడితే అతని విలువ పదే. కాబట్టి ఒక్కొక్కరి గొప్పతనాన్ని విడివిడిగా కొలిచి వరుస పెట్టడమే తప్పు. ఇప్పటికే ఎంచుకున్నవాళ్ల పక్కన చేరితే ఈ మనిషి కొత్తగా ఎంత తెస్తాడన్నది చూడాలి.

కెంపె, క్లైన్‌బర్గ్, టార్డోష్ సూచించిన పద్ధతీ అదే. ముందు అందరికన్నా ఎక్కువమందికి చేర్చగలవాణ్ణి తీసుకో. తర్వాత అతనికి అదనంగా ఎవరు ఎక్కువ తెస్తారో వాళ్లను తీసుకో. అలా ఒక్కొక్కరినే చేర్చుకుంటూ పో. దీన్ని గ్రీడీ పద్ధతి అంటారు. పేరులో అత్యాశ ఉంది గానీ దీని గుణం అది కాదు, ఇవాళ చేతికందింది తీసుకుని రేపటి సంగతి రేపు చూసుకునే రకం. ఇంత సాదా పద్ధతికి ఒక హామీ ఉంది: సాధ్యమైన అత్యుత్తమ ఎంపికతో ఎంతమందికి చేరుతుందో అందులో కనీసం 63 శాతం మందికి దీనితో చేరుతుంది. ఈ హామీకి మూలం 1978లో నెమ్‌హౌసర్, వోల్సీ, ఫిషర్ నిరూపించిన ఒక సిద్ధాంతం. అత్యుత్తమ ఎంపికను నేరుగా వెతకడం ఎందుకు కుదరదంటారా? 2003 నాటి ఆ పరిశోధకులు వాడుకున్నది భౌతికశాస్త్ర వ్యాసాలను కలిసి రాసినవాళ్ల నెట్‌వర్క్, అందులో 10,748 మంది ఉన్నారు. వాళ్లలోంచి యాభై మందిని ఎన్ని రకాలుగా ఎంచవచ్చో లెక్క వేస్తే దాదాపు 1 పక్కన 137 సున్నాలు వస్తాయి.

గ్రీడీ పద్ధతి కూడా చవకేం కాదు. ఒక ఎంపిక ఎంతమందికి చేరుస్తుందో కచ్చితంగా లెక్కగట్టే దారి లేక, కంప్యూటర్‌లో 10,000 సార్లు ఉత్తుత్తి ప్రచారం నడిపి సగటు తీశారు. ఆ తర్వాత పదేళ్లూ ఈ రంగంలో పరుగంతా వేగం కోసమే. 2007లో యురె లెస్కొవెచ్ బృందం అదే గ్రీడీని 700 రెట్ల దాకా వేగంగా నడిపే ఉపాయం కనిపెట్టింది. 2010లో చైనా పరిశోధకులు మొబైల్ కాల్స్ నెట్‌వర్క్ కోసం మరో దారి చూపారు: ముందు నెట్‌వర్క్‌ను సమూహాలుగా విడగొట్టి, తర్వాత ఒక్కో సమూహంలో లోపలే వెతకడం. ఫోన్ మాటలు ఎక్కువగా సమూహాల లోపలే తిరుగుతాయి కాబట్టి ఈ ఆలోచన నాకు నచ్చింది.

ఇప్పుడు అసలు పేచీ. ఇంత కట్టడమూ ఒక అంకె మీద నిలబడి ఉంది. నాకు తెలిసింది నీకు ఎక్కే సంభావ్యత. అది ఎంత? 2003 నాటి ప్రయోగంలో దాన్ని ఒకసారి 1 శాతం అనుకున్నారు, మరోసారి 10 శాతం అనుకున్నారు. అందరికీ అదే. తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు, గణితం సత్తా చూపించడానికి ఏదో ఒక అంకె పెట్టాలి కదా. కానీ ఆ తర్వాత మనలాంటి వాళ్లం ఆ పద్ధతిని తెచ్చి నిజమైన మనుషుల మీద వాడేటప్పుడు కూడా ఆ అంకెను ఊహించే పెడుతున్నాం. ఊహించిన అంకెల మీద అత్యుత్తమమైన సమాధానాన్ని 700 రెట్లు వేగంగా రాబట్టి ఏం బావుకుంటాం?

ఆ అంకెను డేటాలోంచే తీద్దామంటే మరో గుంట ఉంది. నువ్వొక యాప్ వేసుకున్న వారానికి నీ స్నేహితుడు కూడా వేసుకున్నాడు. నీ మాట విని వేసుకున్నాడా, లేక మీ ఇద్దరి అభిరుచులూ ఒకటే కాబట్టి అతను ఎలాగూ వేసుకునేవాడా? బయటినుంచి చూస్తే రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. 2009లో సినాన్ ఆరల్, లెవ్ ముచ్నిక్, అరుణ్ సుందరరాజన్ దీన్ని విడదీసి చూశారు. యాహూ గో అనే మొబైల్ సేవ 2.7 కోట్ల మంది ఉన్న నెట్‌వర్క్‌లో ఎలా వ్యాపించిందో పరిశీలించారు. పాత పద్ధతులు స్నేహితుల ప్రభావాన్ని 300 నుంచి 700 శాతం దాకా ఎక్కువ చేసి చూపిస్తున్నాయని తేలింది. అంటువ్యాధిలా కనపడిన దాంట్లో సగానికి పైగా కేవలం ఒకే రకం మనుషులు ఒకచోట చేరి ఉండటం వల్ల వచ్చిందే. ఒకే మబ్బు కింద నిలబడ్డ ఇద్దరు తడిస్తే, ఒకడు ఇంకొకణ్ణి తడిపాడని రాసుకున్నట్టు.

ఫాలోవర్ల సంఖ్య సంగతి ఎక్కువ చెప్పను, ఆ పరువు ఎప్పుడో పోయింది. 2010లో మీయంగ్ చా బృందం ట్విట్టర్‌లో దాదాపు 5.5 కోట్ల ఖాతాలను చూసి, ఎక్కువ ఫాలోవర్లు ఉన్నవాళ్ల మాటను జనం ఎక్కువగా పంచుకుంటారని గానీ, వాళ్లను ఎక్కువగా ప్రస్తావిస్తారని గానీ ఏమీ లేదని చూపించింది. అంతకు మూడేళ్ల ముందే డంకన్ వాట్స్, పీటర్ డాడ్స్ కంప్యూటర్ నమూనాలతో ఇంకో మెట్టు ముందుకెళ్లి వాదించారు. పెద్ద వ్యాప్తి జరిగిందంటే దానికి కారణం చాలావరకు తేలిగ్గా ఒప్పుకునే మామూలు జనం తగినంత మంది ఉండటమేనట, మొదలుపెట్టినవాడి ఘనత దాంట్లో తక్కువేనట. అడవి తగలబడితే అగ్గిపుల్లను పొగడం కదా, ఎండిన ఆకుల్ని చూస్తాం. నిజానికి 1940లో అమెరికాలోని ఒహాయోలో ఎన్నికలను పరిశీలించిన లాజర్స్‌ఫెల్డ్ బృందం ‘అభిప్రాయ నాయకులు’ (చుట్టూ ఉన్నవాళ్ల అభిప్రాయాన్ని మలిచేవాళ్లు) అనే మాటను తెచ్చినప్పుడు కూడా ఆ నాయకులు మహా ప్రముఖులేమీ కారు. అన్ని తరగతుల్లోనూ ఉండే, పేపరూ రేడియో కాస్త ఎక్కువ పట్టించుకునే మామూలు మనుషులే. ఆ మాటకు పట్టు కుచ్చులు కట్టింది తర్వాత వచ్చిన మార్కెటింగ్ వాళ్లు.

మొబైల్ దగ్గరికి వద్దాం, ఎందుకంటే ఇక్కడ సంగతి మరీ మారిపోతుంది. ఫోన్‌లో రెండు నెట్‌వర్క్‌లు ఉంటాయి. ఒకటి మనం చూసేది: కాంటాక్టులు, గ్రూపులు, ఫార్వర్డ్‌లు. రెండోది ఎవరూ పట్టించుకోనిది: ఏ ఫోన్ ఏ ఫోన్‌కు దగ్గరగా ఎప్పుడు వచ్చిందీ అన్నది. బ్లూటూత్ అందేంత దూరంలో రెండు ఫోన్లు కాసేపు కలిస్తే, టవర్ అవసరం లేకుండా ఒకదాన్నుంచి ఒకదానికి సంగతి దూకగలదు. ఈ రెండో నెట్‌వర్క్‌లో ఎవరు ముఖ్యులన్నది వాళ్ల పేరును బట్టి ఉండదు, కాళ్లను బట్టి ఉంటుంది. రోజూ ఒకే కుర్చీలో కూర్చునే ప్రముఖుడి కంటే పది చోట్ల తిరిగే మనిషి ఫోన్ గొప్పది. 2008లో పాన్ హుయ్, జాన్ క్రోక్రాఫ్ట్, ఐకో యొనెకి ఇచ్చిన పద్ధతి ఈ ఆలోచన మీదే నడుస్తుంది: సందేశాన్ని ముందు అందరిలో ఎక్కువ తిరిగేవాళ్ల దగ్గరికి పైపైకి తోసి, చేరాల్సిన మనిషి సమూహం తగలగానే ఆ సమూహంలో ఎక్కువ కలిసేవాళ్ల చేతికి మార్చడం. ఉత్తరం ఇచ్చి పంపేటప్పుడు మనమంతా సహజంగా చేసే పనే ఇది, దాన్ని ఫోన్లకు నేర్పారు.

ఇదే లెక్కతో బో హాన్, పాన్ హుయ్ తదితరులు మరో ప్రశ్న అడిగారు. సెల్యులార్ నెట్‌వర్క్ మీద భారం తగ్గించడానికి, ఒక ఫైలును కొద్దిమందికే టవర్ ద్వారా పంపి, మిగతావాళ్లు ఒకరినుంచి ఒకరు అందుకునేలా చేస్తే? ఆ కొద్దిమంది ఎవరు? మనుషులు నిజంగా తిరిగిన రికార్డుల మీద నడిపి చూస్తే ట్రాఫిక్ 73 శాతానికి పైగా తగ్గించవచ్చని ఒకచోట తేలింది. ఈ సందర్భంలో వెతుకులాటకు నేను అడ్డు చెప్పను. ఎందుకంటే ఇక్కడ ఊహించిన అంకె లేదు. ఫోన్లు కలిశాయా లేదా అన్నది కొలవగలం. మనుషుల రాకపోకలు నిన్న ఉన్నట్టే చాలావరకు రేపూ ఉంటాయి. పైగా ఫోన్‌కు నమ్మకం, అనుమానం, మొహమాటం లాంటివేం ఉండవు, ఇస్తే పుచ్చుకుంటుంది. మనుషుల దగ్గరికి వచ్చేసరికే చిక్కు.

మాటలు నడిచే నెట్‌వర్క్ ఎలా ఉంటుందో 2007లో యుక్కా-పెక్కా ఒన్నెలా బృందం చూపించింది. ఒక దేశ జనాభాలో దాదాపు ఐదో వంతు మంది 18 వారాల పాటు చేసుకున్న ఫోన్ కాల్స్‌ను పరిశీలించారు. ఎవరితో ఎక్కువసేపు మాట్లాడతామో వాళ్లంతా చాలావరకు ఒకరికొకరు తెలిసినవాళ్లే. ఎప్పుడో ఒకసారి మాట్లాడే పలచటి పరిచయాలే ఒక గుంపును ఇంకో గుంపుతో కలుపుతున్నాయి. గట్టి బంధాలను ఒక్కొక్కటిగా తీసేస్తే నెట్‌వర్క్ కాస్త చిక్కుతుందంతే. పలచటి బంధాలను తీసేస్తూ పోతే ఒక దశలో మొత్తం ముక్కలైపోతుంది. 1973లో మార్క్ గ్రానొవెటర్ ఉద్యోగాల విషయంలో చెప్పిందే ఇక్కడ కోట్ల కాల్స్‌లో కనిపించింది. మరి సంగతులు పలచటి బంధాల మీద పరుగెడతాయా అంటే అదీ లేదు. వాటి మీద మాటలే తక్కువ నడుస్తాయి. గట్టి బంధాల మీద మాట వేగంగా తిరుగుతుంది, కానీ అదే గుంపులో గానుగెద్దులా తిరుగుతుంది. రెండూ పూర్తిగా అక్కరకు రావు. ఏ కుటుంబ గ్రూపులోనైనా ఒకే ఫార్వర్డ్ నలుగురి నుంచి నాలుగుసార్లు ఎందుకొస్తుందో మీకిప్పుడు తెలిసే ఉంటుంది.

అంటే మనకు కావలసిన మనిషి రెండు మూడు గుంపుల్లో కాలుపెట్టినవాడు, పైగా మాట మోసే అలవాటున్నవాడు. మొదటి గుణం కాల్స్ రికార్డులో దొరకవచ్చు. రెండోది ఏ రికార్డులోనూ ఉండదు. మూడు గ్రూపుల్లో ఉండి నోరు విప్పని మనుషులు కొల్లలు, నేనూ అందులో ఒకణ్ణే.

మరి ఆ మనిషి ఎవరో ఎవరికి తెలుసు? అతని చుట్టూ ఉన్నవాళ్లకు తెలుసు.

ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, అరుణ్ చంద్రశేఖర్, ఎస్తేర్ డుఫ్లో, మాథ్యూ జాక్సన్ కలిసి కర్ణాటక పల్లెల్లో చేసిన పని ఈ రంగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. 2013లో వాళ్లు సూక్ష్మరుణాల గురించిన కబురు ఎలా వ్యాపించిందో చూశారు. మొదట కబురు అందుకున్నవాళ్లకు ఎంతమంది తెలుసు అన్నదాన్ని బట్టి ఫలితం ఏమీ చెప్పలేకపోయారు. వాళ్లకు తెలిసినవాళ్లకు ఎంతమంది తెలుసు, ఆ తర్వాతివాళ్లకు ఎంతమంది తెలుసు అని గొలుసు పట్టుకుని వెళ్తేనే ఫలితం కనిపించింది. ఆ గొలుసును గీయాలంటే ఇల్లిల్లూ తిరిగి ఎవరు ఎవరితో మాట్లాడతారో రాసుకోవాలి. తలకు మించిన ఖర్చు. అందుకని తర్వాతి ప్రయోగంలో వాళ్లు నేరుగా జనాన్నే అడిగారు: మీ ఊళ్లో అందరికీ ఒక కబురు తెలియాలంటే ఎవరి చెవిన వేస్తే సరిపోతుంది? జనం చెప్పిన పేర్లను గీసి ఉంచిన నెట్‌వర్క్‌తో సరిచూస్తే, గొలుసు లెక్కలో పైన ఉన్నవాళ్లే ఎక్కువగా వచ్చారు. ఎవరూ నెట్‌వర్క్ మొత్తాన్ని చూసి ఉండరు. అయినా ఎవరి కబుర్లు ఎక్కువగా తమ దాకా వస్తుంటాయో ప్రతి మనిషికీ గుర్తుంటుంది. ఆ గుర్తే కొలమానం.

తర్వాత 213 పల్లెల్లో పరీక్ష పెట్టారు. ఒక నంబరుకు ఫోన్ చేస్తే ఫోన్ గానీ డబ్బు గానీ గెలుచుకునే అవకాశం ఉంటుందన్న కబురు వదిలారు. కొన్ని ఊళ్లలో చీటీ తీసినట్టు ఎవరో కొందరికి చెప్పారు. కొన్ని ఊళ్లలో పెద్దమనుషులకు చెప్పారు. కొన్ని ఊళ్లలో జనం పేర్లు చెప్పిన కబుర్లరాయుళ్లకు చెప్పారు. ఒక్కో ఊరి నుంచి సగటున వచ్చిన కాల్స్: చీటీ తీసిన చోట 8.1, పెద్దమనుషుల చోట 6.9, కబుర్లరాయుళ్ల చోట 11.7. పెద్దమనుషుల దగ్గర ఆగిపోయిన ఆ అంకెను నా పాత జాబితా పక్కన పెట్టి చూసుకుని కాసేపు నవ్వుకున్నాను. గౌరవం ఉన్నవాడి చెవిన వేస్తే ఆ మాట అక్కడే గౌరవంగా ఉండిపోయింది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి అని మనం వెక్కిరింతగా అంటాం చూడండి, కబురు పాకాలంటే కావలసింది సరిగ్గా ఆ గుణమే.

అడగడంలో ఇంకో ఉపాయం ఇంకా తేలికైనది. 1991లో స్కాట్ ఫెల్డ్ ఒక చమత్కారం చూపించాడు: సగటున మన స్నేహితులకు మనకన్నా ఎక్కువమంది స్నేహితులుంటారు. ఎక్కువమందికి తెలిసినవాడు ఎక్కువమంది జాబితాల్లో కనిపిస్తాడు, అంతకు మించి మాయ లేదు. కాబట్టి చేతికొచ్చిన మనిషిని పట్టుకుని, అతన్ని వదిలేసి, ‘నీ స్నేహితుడొకరి పేరు చెప్పు’ అని ఆ పేరు తీసుకుంటే చాలు, నెట్‌వర్క్ పటం లేకుండానే కాస్త మధ్యలోకి జరిగిపోతాం. 2009లో ఫ్లూ వచ్చినప్పుడు నికొలస్ క్రిస్టాకిస్, జేమ్స్ ఫౌలర్ హార్వర్డ్ విద్యార్థుల్లో ఇది చేసి చూస్తే, యాదృచ్ఛికంగా ఎంచినవాళ్ల కన్నా వాళ్లు పేర్లు చెప్పిన స్నేహితులకు దాదాపు రెండు వారాల ముందే జబ్బు వచ్చింది. జబ్బు ముందొచ్చే మనిషికే కబురూ ముందొస్తుంది. 2015లో హోండురాస్‌లో 32 పల్లెల్లో ఇదే ఉపాయంతో విటమిన్ మాత్రల వాడకం గురించి చెబితే యాదృచ్ఛిక ఎంపిక కన్నా 12.2 శాతం మెరుగ్గా పనిచేసింది. అక్కడే, అందరికన్నా ఎక్కువమంది పేరు చెప్పిన ‘తారల’ను నేరుగా పట్టుకున్న చోట అంత లాభం కనపడలేదు.

అడిగే వీలే లేనప్పుడో? మొహమ్మద్ అక్బర్‌పూర్, సూరజ్ మల్లాది, అమీన్ సబేరి చేసిన వాదన నాకు ఊరటనిచ్చింది. సంగతి ఒకరి నుంచి ఒకరికి తేలిగ్గా అంటుకునే రకమైతే, అత్యుత్తమమైన కొద్దిమంది కోసం నెట్‌వర్కంతా గీసే బదులు, అంతకన్నా కొంచెం ఎక్కువమందిని కళ్లు మూసుకుని ఎంచినా దాదాపు అంతే ఫలితం వస్తుందని వాళ్లు చూపించారు. మొబైల్‌లో ఇంకొక మనిషికి సందేశం పంపడానికి అయ్యే ఖర్చెంత? నేను ఆ రోజు యాభై పేర్ల కోసం ఫాలోవర్లను వరుస పెట్టకుండా, రెండొందల మందిని లాటరీ తీసి ఉంటే సరిపోయేదేమో. చీటీ తీసే మనిషికి మీటింగులో మెచ్చుకోలు మాత్రం దక్కదు.

ఈ వాదనకు ఒక హద్దుంది, దాన్ని దాచను. ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఒకసారి వింటే చాలనిపించే సంగతులు. కొన్ని అలా ఉండవు. కొత్త అలవాటు, ఖర్చుతో కూడిన పని, నలుగురూ నవ్వుతారేమో అని టెన్షన్ పెట్టే నిర్ణయం లాంటివాటికి ఒక్కరు చెబితే కదలం. ఇద్దరు ముగ్గురు చేయడం కళ్లతో చూడాలి. 2010లో డేమన్ సెంటోలా 1,528 మందిని కృత్రిమంగా కట్టిన ఆన్‌లైన్ సమూహాల్లో పెట్టి ఒక ఆరోగ్య సైటులో చేరడాన్ని గమనించాడు. చుట్టుపక్కలవాళ్లు ఒకరికొకరు తెలిసేలా అల్లిన నెట్‌వర్క్‌లో సగటున 54 శాతం మంది చేరారు. పరిచయాలు దూరదూరంగా చెల్లాచెదరుగా ఉన్న నెట్‌వర్క్‌లో 38 శాతమే. అంటే నేను మొదట్లో తిట్టుకున్న ఆ ‘ఒకే గదిలో యాభై మైకులు’ కొన్ని సంగతులకు సరైన పద్ధతే. మా యాప్ సదుపాయం ఆ రకమా కాదా అని అప్పట్లో నేను అడగనే లేదు. ఇప్పుడైతే ఎవరికి చెప్పాలన్న ప్రశ్నకు ముందు అదే అడుగుతాను: ఇది వినగానే పాకేదా, చూస్తే గానీ పాకనిదా?

ఇక నాకు కాస్త మింగుడుపడని భాగం. మాట పాకించే మనుషుల జాబితా ఎవరి చేతిలో ఉండాలి? టీకా కబురుకు పనికొచ్చే జాబితా పుకారుకూ పనికొస్తుంది. కబురు ఆపాలనుకునేవాడికి ఎవరి నోరు మూయించాలో కూడా అదే చెబుతుంది. కాల్స్ రికార్డుల నుంచి జాబితా తీస్తే, తమ పేరు అందులో ఉందని ఆ మనుషులకు తెలియదు. వాళ్లను ఎవరూ అడగలేదు. ఎవరెవరితో ఎంతసేపు మాట్లాడారన్నది మాటల సారాంశం కన్నా తక్కువ గుట్టేమీ కాదు. ఇప్పుడు చాలా మెసేజింగ్ యాప్‌లలో మాటలకు మొదటినుంచి చివరిదాకా తాళం ఉంటుంది, వాట్సాప్ 2016లోనే అందరికీ పెట్టింది. మధ్యలో ఉన్నవాళ్లు ఏ సందేశం ఏమిటో చదవలేరు. ఈ రంగంలో పనిచేసే కొందరు దీన్ని అడ్డంకిగా చూస్తారు. నాకైతే ఇది మంచి కంచె అనిపిస్తుంది. అడిగి పేర్లు తెచ్చుకునే పద్ధతి ఈ కంచె దూకనక్కర్లేదు.

పుకార్ల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. అబద్ధాలు పాకడానికి కారణం పెద్ద ఖాతాలేనని, వాటిని మూసేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సొరూష్ వొసూఘి, డెబ్ రాయ్, సినాన్ ఆరల్ 2018లో ట్విట్టర్‌లో 2006 నుంచి 2017 దాకా తిరిగిన దాదాపు 1,26,000 వార్తల దారులను చూశారు. అబద్ధాలు మరింత వేగంగా, మరింత దూరం వెళ్లాయి. వాటిని మోసినవాళ్లకు మాత్రం సగటున ఫాలోవర్లు తక్కువే ఉన్నారు. వార్తలోని వింతే దాన్ని మోసుకుపోయింది. 2020 ఏప్రిల్‌లో వాట్సాప్ తీసుకున్న నిర్ణయం ఈ కోణంలోనే నాకు తెలివైనదిగా కనిపిస్తుంది. ఎక్కువసార్లు చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలిగేలా కట్టడి చేసింది. అలాంటి ఫార్వర్డ్‌లు 70 శాతం తగ్గాయని ఆ సంస్థే చెప్పింది. ఇందులో ప్రముఖుల్ని వెతకలేదు, ఎవరి పేరూ జాబితాలోకి ఎక్కలేదు. దారిలో ఒక చిన్న గతుకు పెట్టారు.

ఎంపికైనవాళ్ల వైపు నుంచి కూడా ఒకటి చెప్పాలి, ఇది నేను చదివింది కాదు, చూసింది. మాట మోసే మనిషి దొరకగానే అందరం అతని మీదే పడతాం. మొదటి కబురు ఉత్సాహంగా మోస్తాడు. రెండోది మోస్తాడు. అయిదోసారి వచ్చేసరికి అతని చుట్టూ ఉన్నవాళ్లు ‘మళ్లీ మొదలెట్టాడు’ అంటారు. అప్పటిదాకా సంపాదించుకున్న నమ్మకాన్ని మన కోసం ఖర్చు పెడతాడు, మనం దాన్ని ఏ లెక్కలోనూ రాసుకోం. నమూనాల్లో మనిషి ఒకసారి అంటుకుని, ఒకసారి అంటించి, తప్పుకుంటాడు. బయట అతను రేపు కూడా అదే మనుషుల మధ్య బతకాలి.

యాప్ పని మానేశాక కూడా ఇలాంటి అవసరం ఒకసారి వచ్చింది. ఒక స్వచ్ఛంద బృందంలో, చాలా గ్రూపులుగా చెదిరి ఉన్న సభ్యులందరికీ ఒక మార్పు సంగతి తెలియాలి. ఈసారి నేను ఏ పట్టికా తీయలేదు. కొందరికి ఒకే ఒక ప్రశ్న పంపాను. మొదట ‘మీలో అందరూ ఎవరి మాట వింటారు?’ అని రాసి, చెరిపేశాను. అలా అడిగితే మొహమాటానికి పెద్దల పేర్లే వస్తాయి. ‘ఏదైనా కొత్త సంగతి మీకు సాధారణంగా ఎవరి ద్వారా తెలుస్తుంది?’ అని మార్చాను. జవాబులు సాయంత్రానికల్లా వచ్చేశాయి. ఒకే పేరు మూడు వేర్వేరు గ్రూపుల నుంచి వచ్చింది. ఆవిడ ఎవరో నాకు తెలియదు. వెతికితే ఆవిడ ఖాతాలో ఫొటో కూడా లేదు. ఫోన్ చేసి విషయం చెప్పబోతే, ‘ఆ సంగతా, నిన్ననే తెలిసిందండీ, అందరికీ చెప్పేశాను’ అంది.